తిన్నది ఒంటబట్టాలంటే: చిన్న ప్రేగుకు కాలేయం, క్లోమం చేసే సాయం



ఏడాది లెక్కలు, చేసిన పనుల వివరాలతో పాటు ఈ సంచికలో ఒక ఆరోగ్య పాఠం కూడా ఇవ్వడం మనకు అలవాటు. ఈసారి ఏ విషయం తీసుకోవాలా అని మేము ఎక్కువగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. సహాయం కోరి వచ్చిన ఒక ఆపా అడిగిన ప్రశ్నే పాఠమైంది.

పోయిన చలికాలంలో తీరంలోని ఒక పల్లె నుంచి చేపలమ్ముకొని బతికే ఆ ఆపాను ఆమె కొడుకు మన దగ్గరికి తీసుకొచ్చాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. ఒళ్లంతా గోకిన గీతలు. "ఎంత తిన్నా ఒంటబట్టడం లేదు భాయ్, రాత్రిళ్లు దురదతో నిద్ర లేదు" అంది. కామెర్లని చెప్పి ఎవరో పసరు మందు పోశారట. మూడు వారాలు ఉప్పు, నూనె లేని పథ్యం చేసింది. మనిషి సగమైంది గాని కళ్ల పసుపు మాత్రం తగ్గలేదు. స్కానింగ్ తీయిస్తే కాలేయం నుంచి ప్రేగుకు వచ్చే గొట్టంలో రాయి అడ్డం పడి ఉందని తేలింది. అల్లాహ్ దయవల్ల, మీ అందరి సహకారం వల్ల రాయి తీయించగలిగాం. ఆపా మళ్లీ గంప నెత్తికెత్తుకుంది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె మమ్మల్ని ఒక మాట అడిగింది: "రాయి ఉండేది కడుపులో గదా, పచ్చబడేది కళ్లెందుకు? అన్నం ఒంటబట్టకపోవడమెందుకు?" ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. అది తెలియాలంటే మనం తిన్న ముద్ద కడుపు దాటాక ఏమవుతుందో తెలియాలి.

ముద్ద ప్రయాణం

అన్నం, చేపల పులుసు కలిపి నోట్లో పెట్టుకున్నామనుకుందాం. నమిలేటప్పుడు లాలాజలం పిండిపదార్థం మీద పని మొదలుపెడుతుంది. ముద్ద జీర్ణాశయంలోకి దిగాక అక్కడి ఆమ్లం, జఠరరసం మాంసకృత్తులను మెత్తబరుస్తాయి. కొన్ని గంటలపాటు చిలికినట్లు కలిసి, చివరికి పుల్లటి జావలా తయారవుతుంది. "కడుపులో అరిగింది" అని మనం అంటాం గాని, అరుగుదలలో అసలు భాగం అప్పటికింకా మొదలే కాలేదు. నూనె నూనెగానే ఉంది. మాంసకృత్తులు పెద్ద ముక్కలుగానే ఉన్నాయి. పిండిపదార్థం సగంలో ఆగింది. రక్తంలో కలవడానికి ఏదీ సిద్ధంగా లేదు.

ఆ జావ కొంచెం కొంచెంగా చిన్న ప్రేగులోకి జారుతుంది. పేరుకు చిన్నదే గాని పొడవు దాదాపు 6 మీటర్లు. లావు తక్కువ కాబట్టి చిన్న ప్రేగు అన్నారు. దాని మొదటి భాగం ఆంత్రమూలం. సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. పూర్వం గ్రీకు వైద్యులు దీన్ని పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవుదని లెక్కగట్టారు. ఆ లెక్కే అరబ్బీ వైద్య గ్రంథాల్లోకి వచ్చింది. నేటికీ యునానీ హకీములు ఆంత్రమూలాన్ని ఇస్నా అషరీ అంటారు. అరబ్బీలో ఇస్నా అషర్ అంటే పన్నెండు. ఇంగ్లీషు డాక్టర్లు వాడే డుయోడినం అనే మాటకు కూడా లాటిన్‌లో అర్థం పన్నెండే.

ఈ పన్నెండు వేళ్ల మేరలోనే అసలు కథ ఉంది. ఆంత్రమూలం గోడలో ఒక చిన్న రంధ్రం ఉంది. కాలేయం నుంచి వచ్చే గొట్టం, క్లోమం నుంచి వచ్చే గొట్టం చాలామందిలో ఆ రంధ్రం దగ్గరే కలుస్తాయి. ఇద్దరు ఇరుగుపొరుగులు ఒకే వాకిట్లోంచి ప్రేగుకు సరుకు పంపుతున్నారన్నమాట. వింతేమిటంటే, మనం తిన్న ముద్ద కాలేయం గుండా గాని, క్లోమం గుండా గాని ఎప్పుడూ పోదు. అవి రెండూ పక్కన ఉండి ఇచ్చేవే.

కాలేయం ఇచ్చేది పైత్యరసం

కాలేయమంటే మనకు తెలియనిదేమీ కాదు. మార్కెట్లో కార్జమన్నా, మన ఇళ్లల్లో కలేజీ అన్నా అదే. మనిషిలో ఇది కుడివైపు పక్కటెముకల కింద, పెద్దవారిలో దాదాపు కిలోన్నర బరువు ఉంటుంది. ఇది చేసే పనులు చాలా ఉన్నాయి. అరుగుదలకు సంబంధించినంతవరకు ముఖ్యమైనది పైత్యరసం తయారుచేయడం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తయారవుతుంది.

భోజనాల మధ్య ఆ రసం కాలేయం కింద అంటుకొని ఉన్న పిత్తాశయంలో నిల్వ ఉంటుంది. చేప కోసేటప్పుడు మన ఆడవాళ్లు ఒక పచ్చటి చిన్న తిత్తిని పగలకుండా జాగ్రత్తగా తీసేస్తారు గదా. పగిలితే కూరంతా చేదవుతుంది. బక్రీద్‌నాడు కలేజీ శుభ్రం చేసేటప్పుడు కూడా అంతే. ఆ తిత్తే పిత్తాశయం, ఆ చేదే పైత్యరసం. మనిషి పిత్తాశయంలో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అందుకని అది రసంలోని నీటిని పీల్చి చిక్కబరిచి దాచుకుంటుంది.

పైత్యరసంలో ఆహారాన్ని కోసే ఎంజైములు లేవు. మరి దాని పనేమిటి? బిర్యానీ తిన్న చేతిని ఉత్త నీళ్లతో కడిగి చూడండి. జిడ్డు పోదు. సబ్బు రుద్దితే జిడ్డు సన్నటి బిందువులుగా విడిపోయి నీళ్లతో కొట్టుకుపోతుంది. పైత్యరసంలోని లవణాలు ప్రేగులో చేసేది సరిగ్గా ఆ సబ్బు పనే. పెద్ద పెద్ద నూనె బొట్లను కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా విడగొడతాయి. అప్పుడే క్లోమరసంలోని ఎంజైము వాటిని అందుకోగలుగుతుంది. ఏ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. అవి ఒంటికి చేరాలన్నా పైత్యరసం ఉండాల్సిందే.

కాలేయం పొదుపు కూడా చెప్పుకోదగ్గది. ఒకసారి పని చేసిన పైత్య లవణాల్లో నూటికి 95 వంతుల దాకా చిన్న ప్రేగు చివరి భాగంలో తిరిగి పీల్చబడి, రక్తం ద్వారా కాలేయానికి చేరతాయి. కాలేయం వాటినే మళ్లీ వాడుతుంది.

పైత్యరసంలో ఇంకొకటి ఉంది, పసుపు రంగు పదార్థం. పాతబడిన ఎర్ర రక్తకణాలు విరిగిపోయినప్పుడు పుట్టే దీన్ని బిలిరుబిన్ అంటారు. కాలేయం దీన్ని రక్తంలోంచి తీసి పైత్యరసంతో పాటు ప్రేగులోకి పంపేస్తుంది. మలానికి ఆ రంగు రావడానికి కారణం ఇదే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఆపా ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

క్లోమం ఇచ్చేది క్లోమరసం

క్లోమం జీర్ణాశయం వెనుక అడ్డంగా, జానెడు పొడవున ఉండే మెత్తటి గ్రంథి. ఉర్దూలో లబ్‌లబా అంటారు. బరువు సుమారు వంద గ్రాములే. అయినా రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా రసం ఇస్తుంది.

ఆ రసం మొదట చేసే పని పులుపు విరచడం. జీర్ణాశయం నుంచి వచ్చే జావలోని ఆమ్లం ప్రేగు గోడను కొరికేస్తుంది. క్లోమరసంలో వంటసోడా లాంటి క్షారం ఉంటుంది. అది ఆమ్లాన్ని చల్లబరుస్తుంది. పులుపు విరిగితే తప్ప ఇక్కడి ఎంజైములు సరిగా పనిచేయవు.

రెండోది కోత పని. అమైలేజ్ పిండిపదార్థాన్ని చిన్న చక్కెరలుగా, లైపేజ్ కొవ్వును, ట్రిప్సిన్ మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి. ఇక్కడొక సందేహం రావాలి. మాంసాన్నే కరిగించే ఎంజైము క్లోమాన్ని కరిగించదా? అల్లాహ్ చేసిన ఏర్పాటు చూడండి. క్లోమం ట్రిప్సిన్‌ను ఒరలో కత్తిలా, పనిచేయని రూపంలో తయారుచేస్తుంది. అది ప్రేగులోకి చేరాక, ప్రేగు గోడ నుంచి వచ్చే మరో ఎంజైము దాన్ని ఒరలోంచి దూస్తుంది. దారి మూసుకుపోయో, మద్యం వల్లో ఆ కత్తి క్లోమంలోనే బయటపడితే వచ్చేదే క్లోమం వాపు. పై కడుపులో మొదలై వీపులోకి పొడిచే భరించలేని నొప్పి, ఆగని వాంతులు దాని గుర్తులు. అది ఇంట్లో ఉండి చూసుకునే జబ్బు కాదు.

క్లోమానికి మరో ఉద్యోగం ఉంది. ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి వదలడం. షుగర్ జబ్బు దానికి సంబంధించిందే.

కబురు పంపేదెవరు?

జావ ప్రేగులోకి దిగిందని పక్కనున్న క్లోమానికి ఎలా తెలుస్తుంది? 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. ఆమ్లం తగలగానే ప్రేగు గోడ ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. అది రక్తంలో తిరిగి క్లోమానికి చేరి "రసం పంపు" అని చెబుతుంది. దానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. మనిషి గుర్తించిన మొదటి హార్మోను అదే. కొవ్వు దిగినప్పుడు మరో హార్మోను పిత్తాశయాన్ని పిండుతుంది. కాబట్టి నూనె ఎక్కువగా తింటే పిత్తాశయం గట్టిగా బిగుసుకుంటుంది. పిత్తాశయంలో రాళ్లున్నవారికి విందు తిన్న రాత్రే కుడి పక్కటెముకల కింద నొప్పి ఎందుకొస్తుందో ఇప్పుడు తెలుస్తుంది.

ఒంటబట్టడమంటే

రెండు రసాలు పని ముగించాక ముద్ద రూపం మారిపోతుంది. పిండిపదార్థం చక్కెరలుగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా, నూనె కొవ్వు ఆమ్లాలుగా మారాయి. చిన్న ప్రేగు లోపలి గోడ మఖ్మల్ గుడ్డలా ఉంటుంది. దాని మీది లక్షలాది సన్నటి నూగే వీటిని పీల్చుకుంటుంది. చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఒక పెద్ద సిర ద్వారా మళ్లీ కాలేయానికే పోతాయి. అది కొంత దాచి, కొంత ఒంటికి పంచుతుంది. రసం ఇచ్చింది కాలేయమే, వచ్చిన సరుకు లెక్క చూసేదీ కాలేయమే.

ఈ నూగు దెబ్బతింటే ఎంత తిన్నా నీళ్ల విరేచనాల్లో పోతుంది. పూర్వం మన ప్రాంతాల్లో సంగ్రహణి అని భయపడిన స్ప్రూ అలాంటిదే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇద్దరు సోదరులు ఆ జబ్బుతోనే చనిపోయారు. తర్వాత ఆయన అమెరికా వెళ్లారు. కాలేయంలో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన నాయకత్వంలోని లెడర్లే సంస్థ పరిశోధకులు ప్రయోగశాలలో తయారుచేశారు. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది. ఈనాడు గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఆ ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

దారి మూసుకుంటే

ఇప్పుడు ఆపా ప్రశ్నకు వద్దాం. గొట్టంలో రాయి అడ్డం పడింది. పైత్యరసం ప్రేగులోకి రాలేదు. నూనె విడిపోలేదు, కొవ్వు ఒంటికి చేరలేదు. అందుకే తిన్నది ఒంటబట్టలేదు. ప్రేగులోకి పోవాల్సిన పసుపు పదార్థం వెనక్కి మళ్లి రక్తంలో కలిసింది. రక్తం పోయే చోటుకల్లా అదీ పోయింది. తెల్లగా ఉండే కంటిలో ముందు కనిపించింది. మూత్రం చిక్కటి టీ డికాషన్‌లా మారింది. మలం సున్నం కలిపినట్లు తెల్లబడింది. రక్తంలో కలిసినవే చర్మానికి దురద తెచ్చాయి.

అందువల్ల కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదు, గుర్తు మాత్రమే. దాని వెనుక కనీసం మూడు వేర్వేరు కారణాలుండవచ్చు. రక్తకణాలే ఎక్కువగా విరిగిపోవడం ఒకటి. వైరస్, మద్యం, కొన్ని మందుల వల్ల కాలేయం వాయడం రెండోది. రాయో గడ్డో దారి మూయడం మూడోది. మూడింటికీ ఒకే పసరు ఎలా పనిచేస్తుంది?

"పసరుతో మా వాడికి తగ్గింది గదా" అని చాలామంది అంటారు. అది అబద్ధం కాదు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. దారి మూసుకున్న మనిషికి మాత్రం ఆ వారాలే ప్రాణం మీదికి తెస్తాయి. నిలిచిన పైత్యరసంలో చీము పడితే చలిజ్వరం వస్తుంది, ప్రమాదం గంటల్లోకి వస్తుంది. గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే అది కూడా తేలిగ్గా తీసుకునేది కాదు.

పసిబిడ్డల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పుట్టిన బిడ్డకు మొదటి వారంలో కొద్దిగా పసుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా పోకుండా, మలం తెల్లగా వస్తుంటే పైత్య నాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. దానికి ఆపరేషన్ మొదటి రెండు నెలల్లోపే చేయిస్తే మంచి ఫలితం ఉంటుంది. ఎండలో పడుకోబెడితే పోతుందని ఎదురుచూడకండి. బిడ్డ మలం రంగు చూడమని మీ ఇంటి చుట్టుపక్కల బాలింతలకు చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అడ్డం పడిన రాయిని ఈ రోజుల్లో చాలాసార్లు పొట్ట కోయకుండానే తీస్తున్నారు. నోటి గుండా సన్నటి గొట్టం పంపి, ఆంత్రమూలంలోని ఆ చిన్న రంధ్రం దగ్గరికే వెళ్లి లాగుతారు. ఈ విద్యలో ప్రపంచానికి పేరు తెలిసిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి మన తెలుగువారే. విశాఖలో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, హైదరాబాదులో ఎంతోమందికి ఈ పని నేర్పారు. 2025లో పద్మవిభూషణ్ పొందారు.

టీకా కథలో ఒక పాఠం

కాలేయాన్ని ఏళ్ల తరబడి లోపలే తినేది హెపటైటిస్ బి. ఇది రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదులు, బ్లేడ్ల ద్వారా, తల్లి నుంచి పుట్టే బిడ్డకు సోకుతుంది. కలిసి భోంచేస్తే, చేయి కలిపితే, ఒకే సఫ్‌లో నిలబడితే రాదు. ఆ జబ్బు ఉన్నవారిని దూరం పెట్టడం అన్యాయం.

దీనికి టీకా ఉంది. అయితే 1990ల మొదట్లో అది విదేశాల నుంచి వచ్చేది, ఒక్కో డోసుకు వందల రూపాయలు అయ్యేది. పేదవాడి బిడ్డకు అందేది కాదు. మన నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు ఇక్కడే తయారుచేయాలని పట్టుబట్టారు. 1993లో తల్లి పేరు మీద హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. డబ్బు చేతికందని ఆ రోజుల్లో ఆయన్ను నమ్మి పెట్టుబడి పెట్టినవారు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. 1997లో శాన్‌వాక్-బి టీకా వచ్చింది, ధర ఒక్కసారిగా దిగివచ్చింది. మన జిల్లా మనిషి పట్టుదల, సముద్రం అవతలి మనిషి నమ్మకం కలిస్తే లెక్కలేనన్ని కాలేయాలకు కాపు దొరికింది. డబ్బు ఇచ్చేవారు ఎంత పని చేయగలరో చెప్పడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇప్పుడు ఆ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు కూడా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఈ సంగతి తెలియక డబ్బు ఖర్చు పెట్టుకునేవారు ఇంకా ఉన్నారు.

మన చేతిలో ఉన్నది

రంజాన్‌లో పగలంతా ఆహారం పడదు కాబట్టి పిత్తాశయం నిండుగా ఉంటుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు తీసుకొని, నమాజు చేసి, ఆ తర్వాత మితంగా తింటే అది నెమ్మదిగా పని మొదలుపెడుతుంది. సమోసాలు, హలీం, పైన మలై కాజా ఒక్కసారిగా దించితే భారమంతా దాని మీదే. కడుపులో మూడో వంతే ఆహారానికి అన్న బోధ మనందరం విన్నదే, ఆచరించడమే మిగిలింది. షుగర్ ఉన్నవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు ఉపవాసాలకు నెల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్చుకోవాలి.

మద్యం మనకు నిషిద్ధం. కాలేయానికీ, క్లోమానికీ అది పెద్ద శత్రువు. మన వీధుల్లో అది లేదని కళ్లు మూసుకోకుండా, అలవాటు పడిన పిల్లవాడిని తిట్టి తరిమేయకుండా చికిత్సకు తీసుకెళ్దాం. వానలకు బావుల్లో మురుగు కలిసే తీర పల్లెల్లో నీళ్లు కాచి చల్లార్చి తాగాలి.

దాతలకు మా మనవి

కళ్లు పచ్చబడిన మనిషి ఎవరైనా కనిపిస్తే ముందు రక్తపరీక్ష, కడుపు స్కానింగ్ చేయించాలి. ఆ తర్వాతే మిగతా మాట. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపండి, లేదా మాకు చెప్పండి. పెద్ద చికిత్స అవసరమైతే పథకం కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి మన కార్యకర్తలు తోడుంటారు. పథకాలకు ముందు పడే ఆ మొదటి ఖర్చు, అంటే బస్సు చార్జీ, పరీక్ష, కూలి పోయిన రోజుల తిండి, వీటి దగ్గరే పేదవాడు ఆగిపోయి పసరు వైపు తిరుగుతున్నాడు. ఆపా మూడు వారాలు ఆగింది కూడా అక్కడే. రాబోయే ఏడాది మీ సదఖాల్లో కొంత భాగాన్ని ఈ మొదటి ఖర్చు కోసం విడిగా పెట్టాలని మేము నిర్ణయించాం. మీ సమ్మతి, సలహా కోరుతున్నాం.

కాలేయం, క్లోమం ముద్ద రుచి ఎరగవు. పక్కన ఉండి, అడగ్గానే ఇచ్చి, తమ దారి తెరిచి ఉంచుతాయి. ఒళ్లంతా బతికేది దాని మీదే. మన సంఘంలో మీ స్థానం కూడా అదే. ఆ దారి ఎప్పుడూ మూసుకోకుండా అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం, ఇచ్చే మనసు ప్రసాదించుగాక. ఆమీన్.